రెండు పేర్ల వైఫై

పిట్టలింట్లో పెట్టె మూగబోయి మూడు సాయంత్రాలు దాటింది. ఇవాళ్టితో లెక్క ఎంతకొచ్చిందో సాయ్ మొయ్‌కి తెలుసు గాని, ఆ అంకెను ఆమె నోటితో అనదు. ఆమె మాట్లాడే కాంటనీస్‌లో నాలుగన్నా చావన్నా చెవికి దాదాపు ఒకటే.

తెలుక్ ఇంతాన్ ఊళ్లో, నది ఒడ్డున ఆమెది తాళ్లు, టార్పాలిన్లు, పడవ సామాన్ల దుకాణం. కింద అమ్మకం, పైన రెండంతస్తులూ పిట్టలకి. కిటికీలన్నీ ఇటుకలతో మూయించి, లోపల చెక్క దూలాలు వేయించి, గోడలో ఒక్క కంత వదిలింది. ఉమ్మితో గూడు కట్టుకునే నల్ల పిట్టలు ఆ కంతలోంచి పొద్దున వెళ్లి, పొద్దుగూకే వేళకి తిరిగొస్తాయి. పిల్లలు ఎగిరిపోయాక ఆ గూళ్లను దులిపి అమ్ముతారు, డబ్బున్నవాళ్లు సూపు కాచుకుని తాగుతారు. సాయ్ మొయ్ ముప్పై ఏళ్లుగా చేసిన వ్యాపారాలన్నిటిలో సరుకు తానంతట తాను నడిచొచ్చి అలమరలో కూర్చునేది ఇదొక్కటే. అందులోనే చిక్కంతా ఉంది. పిట్టను కొనుక్కురాలేం, కట్టేయలేం, మేత వేసి మచ్చిక చేయలేం. పిలవాలి, అంతే. అందుకే కంత దగ్గరా లోపలి దూలాల వెంటా చిన్న చిన్న స్పీకర్లు పెట్టి, పిట్టల అరుపును రికార్డులో మోగిస్తారు. ఇక్కడ మనవాళ్లున్నారు, రండి అని దానర్థం.

ఇల్లు తెరిచి రెండేళ్లయింది. మొదటి ఏడు గబ్బిలాలు తప్ప ఏమీ రాలేదు. రెండో ఏడు ఇరవై ఆరు జంటలు కుదురుకున్నాయి. వాటికి పుట్టిన పిల్లలు ముప్పై ఒకటి ఈ నెలలోనే రెక్కలొచ్చి బయటికి ఎగురుతున్నాయి. కొత్తగా ఎగిరే పిట్ట కొన్ని వారాలు ఆ ఇల్లూ ఈ ఇల్లూ చూసి, నచ్చినచోట గూడు కడుతుంది. ఒకసారి కట్టిందంటే బతికినన్నాళ్లూ అక్కడే. అంటే ఖాతాదారు కుదిరేదీ, చేజారేదీ ఈ కొన్ని వారాల్లోనే. సరిగ్గా ఈ వారాల్లోనే ఆమె ఇల్లు నోరు మూసుకుంది.

వీధికి అటువైపు థామ్ అనేవాడి పిట్టలిల్లు. అతని స్పీకర్లు మధ్యాహ్నం నుంచే చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. పిట్టలు సాయ్ మొయ్ కంత ముందు రెండు చుట్లు తిరిగి, అటు పోతున్నాయి. వెనక మెట్ల మీద నిలబడి ఆమె ఆ చుట్లు లెక్కపెట్టింది. తన కొట్టు ముందాగి, తాడు పట్టి చూసి, పక్క కొట్టుకెళ్లే మనుషుల్ని చూసినప్పుడు కలిగే మంటే కలిగింది.

జరిగింది చెప్పుకోవాలంటే ఇంతే. పోయిన వారం పిడుగు పడి పాత రౌటర్ కాలిపోయింది. స్పీకర్లకి పిట్టల అరుపు అందించే పెట్టె మాత్రం బతికింది. ఆ పెట్టె గంట ప్రకారం నడుస్తుంది, పొద్దున ఒక పాట, సాయంత్రం ఒక పాట. కరెంటు పోయి వస్తే టైమెంతో మరిచిపోతుంది. వైఫైలోంచి టైము అడిగి తెలుసుకునేదాకా నోరు విప్పదు. సాయ్ మొయ్ అదే రోజు బజారుకెళ్లి, ఉన్నవాటిలోకెల్లా కొత్త రౌటర్ తెచ్చింది. వ్యాపారానికి కొనే సామానులో పిసినారితనం చేస్తే రాబడిలో పడుతుందని ఆమె నమ్మకం. భర్త కామ్ హోయ్ దాన్ని ఫోన్లోంచి బిగించాడు. తెర మీద రెండు పేర్లు వచ్చాయి. ఒక పేరు చివర ఐదు, ఇంకో పేరు చివర రెండు పాయింట్ నాలుగు.

రెండు, నాలుగు. కలిపి పలికితే కాంటనీస్‌లో "తేలిగ్గా చావు" అన్నట్టు వినిపిస్తుంది. పైన గుడ్లున్నాయి, పిల్లలున్నాయి.

"ఆ పేరు తీసెయ్. ఇప్పుడే," అంది సాయ్ మొయ్.

"తీసేస్తే పోలా. మన ఫోను ఫైవ్‌జీ, ఆ పేరూ ఫైవ్‌జీ. రెండోది పాతవాళ్లకయ్యుంటుంది," అని కామ్ హోయ్ దాన్ని ఆపేశాడు. ఇంటికి పట్టిన కీడు వదిలిందనుకుని ఇద్దరూ భోంచేశారు. పెట్టె మూగబోయింది ఆ సాయంత్రం నుంచే. ఆ రెండు సంగతులకీ లంకె ఉందని వాళ్లకి తట్టలేదు. చెడ్డ పేరు తీసేస్తే మంచి జరగాలి గాని చెడు జరుగుతుందని ఏ వ్యాపారి అనుకుంటాడు?

మెట్లు దిగి వచ్చేసరికి కామ్ హోయ్ గల్లాపెట్టె దగ్గర కాళ్లు చాపుకుని, ఫోన్లో నాటకం చూస్తూ చీ చియోంగ్ ఫన్ అనే బియ్యప్పిండి చుట్టలు తింటున్నాడు.

"రౌటర్‌కేం కాలేదే ముసలిదానా. చూడు, మధ్యలో ఒక్కసారన్నా ఆగిందేమో. పాతదాంట్లో అయితే రాజు కత్తి ఎత్తి, దించడానికి అరగంట పట్టేది."

"నీ రాజు కత్తి దించితే పిట్టలు గూడు కడతాయా?"

"రౌటర్ బాగుంది. వైఫై బాగుంది. నేనూ బాగున్నాను. ముగ్గురం బాగున్నాక మిగిలింది ఎవరు? నీ పెట్టె. ముసలిదయింది, మార్చు."

"మార్చాలంటే ఆ కంపెనీవాడు మూడు వారాలంటున్నాడు. మూడు వారాల్లో పిల్లలన్నీ థామ్‌గాడి ఇంట్లో సంసారాలు పెడతాయి."

"వాడికి కబురు పెట్టు, అద్దె ఇస్తాడేమో."

ఆమె పెట్టెను పీకి సంచిలో వేసుకుని, రౌటర్ కొన్న కంప్యూటర్ కొట్టుకి నడిచింది.

కొట్టతను చీ వా ముప్పై ఏళ్లవాడు, మాట నునుపు. పెట్టె వెనక చీటీ చదివి, "ఇది ఎన్ రకం వైఫై ఆంటీ. మీరు తీసుకెళ్లిన రౌటర్ ఆరోది. ఏమీ ఇబ్బంది లేదు, కొత్తదానికి పాతవన్నీ తెలుసు," అన్నాడు.

"ఆరోదా? మరి పేరు చివర ఐదు రాసుందేం? ఆరని చెప్పి ఐదిచ్చావా?"

"ఆ ఐదు వేరు ఆంటీ. ఆరంటే తరం. ఐదంటే వైఫై వెళ్లే అల."

"మా ముసలోడి ఫోన్లో ఉన్న ఐదు?"

"అది ఇంకో ఐదు. అది ఫోన్ కంపెనీ తరం. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఒక్క బేరంలో రెండు ఐదులు, ఒకదానికొకటి సంబంధం లేదు! నేను ఐదు మిల్లీమీటర్ల తాడు ఇచ్చి, 'ఈ ఐదు వేరు' అంటే ఊరుకుంటావా? సరే, ఎన్ అన్నావు. ఎన్ తర్వాత ఏది?"

"ఏసీ. ఆ తర్వాత ఏఎక్స్."

"ఎన్ తర్వాత ఓ వస్తుందని నేను బళ్లో నేర్చుకున్నాను."

చీ వా నవ్వాడు. "అందరూ ఇలాగే తికమకపడుతున్నారనే ఆంటీ, అక్షరాలు తీసేసి అంకెలు పెట్టారు. ఏఎక్స్ అంటే ఆరు, ఏసీ అంటే ఐదు, ఎన్ అంటే..." అని ఆగాడు. అతనూ కాంటనీస్ తల్లికి పుట్టినవాడే, సాయంత్రం పూట పెద్దామె ముందు ఆ అంకె అనడానికి నోరు రాలేదు. "ఐదుకి ముందుది," అన్నాడు.

"ఇదిగో, ఒక్కటి చెప్పు. ఇది తాడు లెక్కా, తీగ లెక్కా?"

"అంటే?"

"తాడుకైతే అంకె పెరిగేకొద్దీ లావు. తీగకి గేజి పెరిగేకొద్దీ సన్నం. మీ అంకె పెరిగితే సరుకు పెరిగినట్టా, తరిగినట్టా?"

చీ వా తల గోక్కున్నాడు. "కొన్నిట్లో పెరిగినట్టు ఆంటీ. కొన్నిట్లో... మాటలెందుకు, పెట్టి చూద్దాం ఉండండి."

పెట్టెకి కరెంటిచ్చి, దాని వెనకున్న చిన్న బొత్తాం నొక్కి, తన కొట్టు రౌటర్ బొత్తాం కూడా నొక్కాడు. నిమిషం తిరక్కుండా పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. దానికి టైము తెలిసింది. తెలిసీ తెలియగానే కొట్టంతా మారుమోగేలా చిక్ చిక్ చిక్ మని సాయంత్రం పాట ఎత్తుకుంది. చెవిలో పెట్టుకునే స్పీకర్లు కొనడానికొచ్చిన ఒకమ్మాయి తలెత్తి పైకప్పులో పిట్టల కోసం వెతికింది.

"చూశారా? పెట్టె బంగారం," అన్నాడు చీ వా.

సాయ్ మొయ్ బంగారాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, పిట్టలింటి తలుపు పక్కన తగిలించింది. ఎర్ర దీపం వెలిగింది. ఇక్కడా బొత్తాం, అక్కడా బొత్తాం నొక్కింది. ఎర్ర దీపమే. కామ్ హోయ్ చేత నొక్కించింది. ఎర్ర దీపమే.

ఆ రాత్రి ఆమె లెక్క ఎటు నుంచి వేసినా తేలలేదు. పెట్టె అక్కడ పలికింది గనక పెట్టె మంచిదే. ఫోన్లో నాటకం నడుస్తోంది గనక రౌటర్ మంచిదే. మంచి ఒకటి, మంచి ఒకటి, కలిపితే చెడ్డ ఎలా అయింది? చీ వా తన కొట్లో నాసిరకం పెట్టుకోడు, మంచిది వాడు ఉంచుకుని తనకి వేరేది అంటగట్టాడా? వాడి కొట్టు రౌటర్ చూస్తే దుమ్ము కొట్టుకుని, అతికించిన టేపుతో ఉంది. అది పనిచేసి ఇది పనిచేయకపోవడమేంటి?

మర్నాడు రౌటర్‌ను నదివైపు తిప్పి పెట్టింది. తర్వాత పిట్టలింటి తలుపు దగ్గరికి జరిపింది. దేవుడి ముందు అగరొత్తులు వెలిగించి, ఒకటి తెచ్చి రౌటర్ పక్కన కూడా గుచ్చింది. రౌటర్‌కి నమస్కారం పెడుతున్నావా అని కామ్ హోయ్ అడిగితే, నీకు పెట్టిన నమస్కారాల కంటే దీనికే ఫలం ఎక్కువ అంది. సాయంత్రం మళ్లీ పిట్టలు రెండు చుట్లు తిరిగి వెళ్లిపోయాయి. ఈసారి రెండో చుట్టు పూర్తిగా తిరగలేదు కూడా.

శుక్రవారం నమాజు అయ్యాక ఇంటర్‌నెట్ కంపెనీ నుంచి రజాలీ వచ్చాడు. బక్కపలచని మనిషి, బూట్లు గుమ్మంలోనే విప్పి, చేతిలో స్ట్రా గుచ్చిన ఐస్ టీ సంచితో లోపలికొచ్చాడు. కామ్ హోయ్ ఫోన్ తీసుకుని రెండు నిమిషాలు వేలితో అటూ ఇటూ జరిపాడు.

"బాస్, రెండు పాయింట్ నాలుగు ఎవరాపారు?"

"ఉష్!" అంది సాయ్ మొయ్. "ఆ మాట ఇంట్లో అనకు."

రజాలీ ఐస్ టీ సంచిని పక్కన తగిలించాడు. "నేనేమన్నాను బాస్?"

కామ్ హోయ్ గొంతు తగ్గించి చెప్పాడు. "రెండూ నాలుగూ కలిపి మా భాషలో అంటే... తేలిగ్గా చస్తారని. పైన పిల్లలున్నాయి. అందుకని నేనే ఆపేశాను. తను ఆపమంది," అని చివర్లో నేరాన్ని సగం పంచాడు.

"అయ్యో బాస్! మీ పెట్టెకి తెలిసిన అల అదొక్కటే. దానికి ఐదు వినపడదు."

"ఐదు వేగమైనదంటారు కదా!" అన్నాడు కామ్ హోయ్.

"వేగమే. కానీ గోడలు దాటలేదు. మీరు పైన గోడలు ఇటుక మీద ఇటుక కట్టించారు. చిన్న అంకెదైతే నెమ్మదిగా వెళ్తుంది గాని, దూరం పోతుంది."

"అంటే తీగ లెక్క!" అని సాయ్ మొయ్ అరిచినంత పని చేసింది. ఒక్క క్షణం అంతా అర్థమైనట్టు అనిపించింది. "చిన్న అంకె, గట్టి సరుకు."

"అలా అని కాదు బాస్, తరం అంకె పెరిగితే మంచిదే..."

అర్థమైంది అంతలోనే జారిపోయింది. ఆమె ఇంకో దారి పట్టింది. "పోనీ ఇలా చెప్పు. ఇంచు మర బోల్టుకి మిల్లీమీటరు మర నట్టు ఎక్కిస్తే రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. అలాంటిదా?"

"లేదు బాస్. ఇది ఒక్క చుట్టు కూడా ఎక్కదు. అసలు నట్టు ఉందనే బోల్టుకి తెలీదు."

"మరి కొత్తదానికి పాతవన్నీ తెలుసన్నాడే చీ వా!"

"తెలుసు. మీరు దాని నోరు మూశారు."

సాయ్ మొయ్ వీధి వైపు తిరిగింది. తలుపు సందులోంచి థామ్ ఇంటి అరుపు వినపడుతోంది. ముప్పై ఒక్క పిల్లలు ఒకవైపు, నోటితో అనకూడని ఒక పేరు ఇంకోవైపు. తక్కెడ ఎటూ వాలనట్టే ఉంది. ఆమె తండ్రి, నంబరు ఆ అంకెతో ముగిసే పడవ కొని, ఆ ఏడే నదిలో పోయాడు. అది కాకతాళీయమని నలుగురూ అన్నారు. అన్నవాళ్లెవరూ ఆ పడవ మాత్రం కొనలేదు.

"ఆ పేరు ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు," అంది చివరికి.

రజాలీ నవ్వలేదు. అందుకే ఆమెకి అతని మీద గురి కుదిరింది. "బాస్, ఊళ్లో లిఫ్టుల్లో మూడు తర్వాత 3A అని రాస్తారు చూడండి. ఆ అంతస్తు పోయిందా? ఉంది. దీనికీ అలాగే రాద్దాం." ఫోన్లో టకటక కొట్టి చూపించాడు. పేరు చివర 2.3A అని ఉంది.

"లోపల నడిచేది అదేగా?"

"లోపలిది ఎవరికి కనపడుతుంది బాస్?"

చీటీ మార్చి అదే సరుకు అంటగట్టడం. ఎవరైనా తన దగ్గర ఈ పని చేస్తే సాయ్ మొయ్ చెంప పగలగొట్టేది. అయితే పోయిన ఏడు మిగిలిపోయిన నీలం తాడుకి కొత్త చీటీ వేసి తనే అమ్మింది, ఆ తాడు ఇప్పటికీ తెగలేదు. "సరే, రాయి," అంది.

రజాలీ ఆపేసిన అలను మళ్లీ తెరిచి, రెండు బొత్తాలూ నొక్కాడు. ముగ్గురూ దీపం వైపు చూశారు. ఎర్రగానే ఉంది.

"ఇంకేం రోగం?" అన్నాడు కామ్ హోయ్.

రజాలీ మళ్లీ ఫోన్లోకి దూరాడు. "వైఫై తాళం బాస్. రౌటర్ కొత్త రకం తాళం ఒక్కటే వేసుకుని కూర్చుంది. మీ పెట్టెకి పాత రకం తాళమే తెరవడం వచ్చు."

"పాతవన్నీ తెలుసన్నావుగా ఇప్పుడే!" అంది సాయ్ మొయ్.

"తెలుసు. కానీ పాతది కూడా ఒప్పుకోమని మనం చెప్పాలి."

"తెలిసినదానికి చెప్పడమేంటి? చెప్పాల్సి వస్తే తెలిసినట్టేంటి?"

"బాస్, నేను దీన్ని తయారుచేయలేదు," అన్నాడు రజాలీ దీనంగా. ఏదో మార్చాడు. మళ్లీ బొత్తాలు నొక్కాడు. ఎర్ర దీపం ఆరింది, వెలిగింది, ఆరింది. తర్వాత పచ్చగా నిలబడింది. కంత దగ్గర స్పీకర్లు ఒక్కసారి గరగరమని, చిక్ చిక్ చిక్ అని ఎత్తుకున్నాయి.

సాయ్ మొయ్ మెట్ల మీదికి పరుగెత్తింది. ఎండ ఇంకా నది మీద ఉంది. పిట్టలు రావడానికి గంట పైనే పట్టింది. వచ్చినవి కంత ముందు తిరిగాయి, ఒక చుట్టు, రెండు, మూడు. కొన్ని లోపలికి దూరాయి. కొన్ని అటు పోయాయి. అటు నుంచి కొన్ని ఇటు వచ్చాయి. రెండిళ్ల అరుపులూ వీధి మధ్యలో కలిసి, మబ్బులా మూగిన పిట్టల్లో ఏవి తనవో, ఏవి థామ్‌వో ఆమెకి తెలియలేదు. పదిహేను దాకా లెక్కపెట్టి తప్పింది.

"ఎన్నొచ్చాయి?" అని కింద నుంచి కామ్ హోయ్.

"నీ నాటకం చూసుకో!"

"ఆగి ఆగి వస్తోంది. ఫోను ఈ 3A పట్టుకున్నట్టుంది. ఐదుకి ఎలా మార్చాలి?"

"నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు. ముట్టుకున్నావంటే నీకూ కొత్త తాళం వేయిస్తాను."

పిట్టలింట్లోకి పదిహేను రోజులకొకసారే వెళ్లాలి, అదీ పిట్టలు మేతకి పోయిన నడిమధ్యాహ్నం. ఆ రోజు రాగానే సాయ్ మొయ్ ముక్కుకి గుడ్డ కట్టుకుని, టార్చి పట్టుకుని పైకి వెళ్లింది. పిట్టల్ని ఎవరూ నేరుగా లెక్కపెట్టలేరు, కింద పడ్డ రెట్టల్ని లెక్కపెడతారు. దూలం కింద ఎక్కడ రెట్టల గుట్ట ఉంటే అక్కడ పైన ఒక కాపురం ఉన్నట్టు. పాత గుట్టలు ఇరవై ఆరూ ఉన్నాయి. వెళ్లిపోయినవాళ్లు లేరు. అది మొదటి నెమ్మది.

కొత్త గుట్టల కోసం మూలమూలా వెతికింది. దక్షిణపు మూలలో, పోయినసారి ఊడ్చి వెళ్లిన నేల మీద తడి ఆరని మచ్చలు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాన్ని "ఇంకొకటి" అని లెక్కపెట్టి ముందుకెళ్లింది. మొత్తం తొమ్మిది. టార్చి పైకెత్తితే దూలానికి ఒకచోట నత్త పాకిన జాడలా సన్నటి ఉమ్మి గీత మెరిసింది. ఎవరో గూటికి ముగ్గు పోసుకున్నారు.

తొమ్మిది. ముప్పై ఒక్కటిలో ఇన్నే మిగిలి, మిగతావి ఆ ఐదు సాయంత్రాల్లో పోయాయా? లేక తనవి అన్నీ పోయి, ఇవి థామ్ ఇంట్లో పుట్టి ఇటు వచ్చినవా? అల పిలిచిందా, తాళం తెరుచుకుందా, మధ్యలో రెండ్రోజులు థామ్ ఇంట్లో కరెంటు పోయిందని విన్నది, అదా? కొత్తగా చేరినవెన్నో తెలిసింది. ఏది ఎందువల్లో మాత్రం ఆమె జీవితంలో మొదటిసారి తేల్చుకోలేకపోయింది.

టార్చి ఆర్పి కాసేపు నిలబడింది. చీకట్లో అన్ని వైపులా చిక్ చిక్ మంటోంది. గుడ్ల మీద కూర్చున్న తల్లులు కొన్ని లోపలే ఉంటాయి, అవి అరుస్తాయి. స్పీకర్లూ అరుస్తాయి. సరుకు చేత్తో పట్టి అసలు ఏదో నకిలీ ఏదో చెప్పే మనిషి, చెవి అటు పెట్టీ ఇటు పెట్టీ విన్నది. ఎదురుగా, తలకి జానెడు ఎత్తులో ఒకటి అరిచింది. పిట్టే అనుకుని మెల్లగా చెయ్యి చాచింది. వేళ్లకి ప్లాస్టిక్ తగిలింది. అదే క్షణంలో ప్లాస్టిక్ వెనక నుంచి ఏదో రెక్కలు కొట్టుకుంటూ ఆమె చెంప పక్కగా ఎగిరిపోయింది.